అయిదు మార్కుల సలాం

కొల్లేటి ప్రాంత జలక్రీడాభ్యుదయ సంఘం వారి అధికారభాష తెలుగు. ఈ చారిత్రక నిర్ణయాన్ని సంఘాధ్యక్షులు గంగాధరరావుగారు ఒక సన్మానసభలో, మెడలో దండ ఉండగానే ప్రకటించారు. నాటినుంచి రాష్ట్రసంఘం ఇంగ్లీషులో రాసే ప్రతి ఉత్తరమూ తాడేపల్లిగూడెం స్టేషను దగ్గరి మేడగదిలో, కార్యదర్శి నిత్యానందంగారి నోటిద్వారా తెలుగులో పునర్జన్మ ఎత్తవలసిందే. నోటిద్వారా అనడం అలంకారం కాదు. ఆయనకు టైపు రాదు. ఫోనుకు చెబుతారు, ఫోను రాసుకుంటుంది. ఆ ఫోను మహా మర్యాద గలది. తెలియని మాట చెవిన పడితే చెప్పినవారిని రెట్టించి అడిగి నొప్పించదు. తనకు తెలిసిన మాటల్లోంచి దానికి దగ్గరి చుట్టాన్ని పిలిచి ఆ పీటమీద కూర్చోబెడుతుంది.

ఆషాఢమాసపు మంగళవారం సాయంత్రం, మేడగది తలుపుకు అంటించిన ప్రకటనను గ్రేస్ రెండుసార్లు చదివింది.

“రాష్ట్రజట్టు ఎంపిక నిమిత్తం వచ్చే శనివారం సలాం పోటీ జరుగును. అభ్యర్థులకు అయిదు మార్కులు రౌండుగా వేయవలెను. ప్రతి అభ్యర్థి చేతి వాచీలో నమోదైన దారిపటము జతపరచవలెను.”

గ్రేస్‌కు ఇరవై నాలుగేళ్లు. ఏలూరులో ఒక మిషను బడిలో డ్రిల్లు టీచరు. తెరచాప బిగించిన బోర్డుమీద నిలబడి గాలితో పరుగెత్తే విండ్‌సర్ఫింగు ఆటలో, ఈ సంఘం తరఫున రాష్ట్రజట్టుకు వెళ్లగల చోటు ఒక్కటే ఉంది. పాతికేళ్లు నిండినవారికి అది లేదు. అంటే ఆమెకు ఇదే ఆఖరి ఏడు. రాష్ట్రసంఘం రాసిన ఇంగ్లీషు ప్రతి ఆమె ఫోనులో ఉంది. దాని ప్రకారం పోటీపేరు స్లాలమ్. నీళ్లలో అయిదు గుర్తులు పాతి, ఒక్కొక్కదాని చుట్టూ బోర్డు తిప్పుకుంటూ, ఎవరు ముందు చివరకు చేరితే వారిది గెలుపు.

ఆమె లోపలికి వెళ్లింది. నిత్యానందంగారు ఫ్యాను కింద కాగితాలమీద బరువులు పెట్టుకుంటున్నారు.

“ఏవండీ, ఇది సలాం కాదండి. స్లాలమ్ అండి.”

ఆయన కళ్లజోడు తీసి, ఆ ప్రకటన నకలును చూసి, తరువాత బల్లమీది ఫోనును చూశారు.

“నేను స్లాలమ్ అనే అన్నానమ్మా. ఒట్టు.”

“మరి దిద్దండి.”

“ఎలా దిద్దనమ్మా, అధ్యక్షులవారి సంతకం అయిపోయింది. దానిదేముంది, ఇంకో సంతకం చేయించవచ్చు అనుకో. ఫ్లెక్సీ అచ్చయిపోయింది కదా.” చివరిమాట ఆయన గొంతు తగ్గించి, ప్రాణం పోయిన కబురు చెప్పినట్టు చెప్పారు.

ఆ సమయానికే గంగాధరరావుగారు, ఆ చోటుకే పోటీపడుతున్న ఆయన అన్నకొడుకు గోపీనాథ్ మెట్లెక్కి వచ్చారు. గంగాధరరావుగారికి కొల్లేటి అంచున నూటఎనభై ఎకరాల చేపలచెరువుంది. సంఘానికి ఉన్న సముద్రం అదే. గ్రేస్ తండ్రి ఆనంద్ పాల్ ఇరవై ఏళ్లుగా ఆ చెరువులో పడవమీద మేత వేస్తున్నాడు. ఈ రెండు సంగతులూ గంగాధరరావుగారు ఎప్పుడూ నోరువిడిచి ప్రస్తావించరు. అంత అవసరం ఆయనకు పడలేదు.

గ్రేస్ ఫోను తెరిచి చూపించింది. ఆయన దాన్ని దూరంగా పట్టుకుని చదివారు.

“ఎస్సూ, ఎల్లూ, ఏ... మొదటి ఎల్ సైలెంటమ్మా. నైఫులో కె పలుకుతామా?”

“ఇక్కడ ఫైవ్ మార్క్స్ అని ఉంది చూడండి. మార్కులంటే నీళ్లలో పాతే గుర్తులండి. రౌండింగ్ అంటే వాటి చుట్టూ తిరగడమండి.”

“డ్రిల్లు టీచరువై ఉండి మార్కులంటే ఏవిటో నేను చెప్పాలా నీకు?” అని ఆయన నవ్వారు. ఆ నవ్వులో కోపంలేదు; చిన్నపిల్లలకు చెప్పే ఓపిక ఉంది. “సలాముకు అయిదు మార్కులు. అరా పావూ లేకుండా రౌండుగా వెయ్యమన్నారు. ఎంత స్పష్టంగా ఉంది.”

ఆపైన ఆయన పోటీ స్వరూపాన్ని సెలవిచ్చారు. పడమటి గట్టుమీద వేదిక. వేదికమీద పెద్దలు. పోటీదారులు గట్టు వెంబడి తిన్నగా, మహావేగంతో వస్తూ, వేదిక ఎదుటికి రాగానే కుడిచెయ్యెత్తి సలాం చేస్తూ సాగిపోవాలి. వేగానికి అయిదు, వినయానికి అయిదు. నీళ్లమీద వంకరలు తిరగడంలో ఆయనకు క్రీడ కనబడలేదు, దారితప్పడం కనబడింది.

“తెరచాపలు రెండే ఉన్నాయి కదా బాబాయ్, నాకేది?” అన్నాడు గోపీనాథ్.

“స్పీడు చాపనేది ఉండగా ఇంకోటి ముట్టుకుంటావుట్రా? పేరులోనే ఉంది. ఆ రెండోది అమ్మాయికి ఇవ్వండి నిత్యానందంగారూ.”

గ్రేస్ కిందికి దిగి బస్సెక్కింది. రాష్ట్రసంఘానికి తానే రాసుకుందామంటే, సంఘం ముద్ర లేని కాగితాన్ని వారు చేత్తో ముట్టుకోరు. ఆ ముద్ర నిత్యానందంగారి సొరుగులో ఉంటుంది. నిత్యానందంగారు గంగాధరరావుగారి సొరుగులో ఉంటారు.

బుధవారం బడి విడిచాక ఆమె తిన్నగా చెరువుకు వెళ్లింది. మోటారుషెడ్డులో రెండు చాపలూ చుట్టలుగా వెదురు దూలానికి వేలాడుతున్నాయి. తండ్రి అప్పటికి సాయంత్రపు మేత ముగించి, గట్టుమీద కూర్చుని చిరిగిన మేతసంచులు దబ్బనంతో కుడుతున్నాడు. ఆ సంచులకు అడుగున చిల్లులు పొడిచి, తవుడూ చెక్కపిండీ నింపి, చెరువులో వరుసగా పాతిన వెదురుగడలకు నీటిమట్టాన కట్టడం ఆయన పని. బొచ్చెలూ శీలావతులూ వచ్చి ఆ చిల్లులదగ్గర పొడుచుకుని తింటాయి.

“రెండూ దింపవేం నాన్నా. ఇవాళ రెండిటినీ నడిపి చూస్తాను.”

రెండు చాపల్నీ గట్టుమీద పక్కపక్కన పరిచి, గొట్టాల్లాంటి అంచుల్లో మాస్టు కర్రలు దూర్చి, కింద తాడు బిగలాగారు. ఆనంద్ పాల్ మోకాళ్లమీద కూర్చుని, చీర నాణ్యం చూసేవాడిలా అరచేత్తో రెండిటినీ తడిమాడు. ఆయన తండ్రి కాలంలో కొల్లేటి పడవలకు చాపలుండేవి. ఆ చేతికి ఆ జ్ఞాపకం ఉంది.

“దీనికి పొట్ట లేదేమే?” అన్నాడు స్పీడు చాపమీద చెయ్యి ఉంచి.

“ఉండదు నాన్నా. దాన్ని బల్లపరుపుగా కోస్తారు. అడ్డంగా దూర్చిన బద్దలు గట్టివి. పైకొస వదులుగా ఉండి, గాలి ఎక్కువైతే దానంతటదే తెరుచుకుని వదిలేస్తుంది. పెనుగాలిలో కూడా చేతుల్ని లాగెయ్యదు. నీళ్లు నున్నగా ఉండి, గాలి పక్కనుంచి కొట్టి, దారి తిన్నగా ఉంటే దాన్ని పట్టేది లేదు.”

“లేకపోతే?”

“లేకపోతే రేకుముక్క.”

ఆయన స్లాలమ్ చాప దగ్గరికి జరిగాడు. అది ఒక మీటరు పెద్దది. మాస్టుకు దగ్గరలోనే, గాలి లేకుండానే గుమ్మటంలా పొంగి ఉంది. ప్రతి బద్ద చివరా మాస్టును కరిచిపట్టుకునే ప్లాస్టిక్ దౌడ ఉంది. ఆయన చాపను ఇటునుంచి అటు తిప్పాడు. దౌడలు టకటకమని మాస్టు చుట్టూ తిరిగి, పొట్ట అటు పొంగింది.

“మలుపు మలుపుకూ ఇలా తిరగాలి,” అంది గ్రేస్. “తిరిగినప్పుడు బోర్డు ఆగినంత పనవుతుంది. అక్కడినుంచి మళ్లీ లేచి పరుగెత్తాలంటే పొట్ట కావాలి. ఆ స్పీడుది ఏలూరులో ఆగని రైలనుకో. ఇది మన పల్లెవెలుగు బస్సు. దీని గొప్పంతా వేగంలో లేదు. ప్రతి స్టాపు దగ్గరా ఆగి, తొందరగా కదలడంలో ఉంది.”

“జనం ఎక్కేది బస్సే కదా,” అన్నాడాయన, సూది మళ్లీ చేతిలోకి తీసుకుంటూ.

ఆమె ముందు స్పీడు చాపతో దిగింది. పడమటి గాలి హోరుమంటోంది. గట్టు నీడలో నీళ్లు ఇస్త్రీ చేసినట్టున్నాయి. వాచీ యాభైరెండు కిలోమీటర్లు చూపించింది. ఆ వేగంలో చప్పుడు కూడా వెనకబడిపోయింది. మలుపు తిప్పబోయేసరికి చాప చచ్చినట్టు వాలింది. మళ్లీ లేవడానికి పదకొండు ఊపిరులు పట్టింది. తరువాత స్లాలమ్ చాప. తిన్నగా నలభైఏడు మించలేదు. మలుపు తిరిగాక మాత్రం నాలుగు ఊపిరుల్లో బోర్డు నీళ్లమీదికి లేచింది. ఆమె దాన్ని ఏడుసార్లు తిప్పింది. ఏడుసార్లూ నాలుగే.

ఒడ్డుకొచ్చి, తల తుడుచుకుంటూ కూర్చుంది. లెక్క తేలిపోయింది. గంగాధరరావుగారి పోటీలో గోపీనాథ్ గెలుస్తాడు. మోసంతో కాదు. తప్పుడు పోటీలో న్యాయంగా గెలుస్తాడు. అది ఇంకా భరించలేనిది.

“రేపు వేదిక కట్టమన్నారు,” అన్నాడు ఆనంద్ పాల్. “బల్లలన్నీ నా పడవలోనే తేవాలి. టెంటు వేసి మూడువైపులా గుడ్డ కట్టాలట. పెద్దలకు గాలి కొట్టకూడదట.”

“గాలి పోటీకి వచ్చి గాలి వద్దా?”

“పెద్దలు కదమ్మా.”

ఇద్దరూ నీళ్లవైపు చూశారు. గడలు రెండు వరుసలుగా, పడమటినుంచి తూర్పుకు, గట్టునుంచి దూరమవుతూ సాగిపోయాయి.

“తిన్నగా వెళ్లి, చెయ్యెత్తి, ఓడిపోయి వచ్చెయ్యనా నాన్నా?”

ఆయన దారం పళ్లతో కొరికాడు. “ఆ గుర్తులు ఎలా ఉండాలన్నావు?”

“అటొకటి, ఇటొకటి. గాలివాలుకి పోతూ వాటి చుట్టూ తిరగాలి.”

“సంచులుంటే బోర్డు కింద రెక్క చుట్టుకుపోతుంది.”

“వద్దు నాన్నా. నీ పని పోతుంది.”

ఆయన కుట్టిన సంచి దులిపి, మడిచి, పక్కన పెట్టి, ఇంకోటి అందుకున్నాడు.

శనివారం ఉదయం పదిగంటలకు పడమటి గట్టుమీద ఇంద్రసభ కొలువుతీరింది. నాలుగు సోఫాలు, పన్నెండు కుర్చీలు, ఒక మైకు. గుడ్డగోడల వెనక గాలి తలబాదుకుంటోంది. లోపల పెద్దల ఉత్తరీయాల అంచు కూడా కదలడంలేదు. నిత్యానందంగారు పోటీ నియమావళిని మైకులో చదివారు. వినయము అనేచోట కొద్దిగా ఆగారు.

గట్టు ఉత్తరపు కొసన గ్రేస్ మోకాలిలోతు నీళ్లలో బోర్డు పట్టుకుని నిలబడింది. గోపీనాథ్ పక్కనే ఉన్నాడు.

“ఏవనుకోకండి గ్రేస్‌గారూ,” అన్నాడతను. “బాబాయికి చెప్పి చూశాను. ఫ్లెక్సీ అన్నాడు.”

“మీరెందుకండీ బాధపడతారు. టెంటు ముందు జాగ్రత్త.”

“ఎందుకండీ?”

“గాలి ఉండదక్కడ.”

అతను నవ్వాడు. ఈలోగా జెండా ఊగింది.

స్పీడు చాప పేరు నిలబెట్టింది. గోపీనాథ్ వెనక్కి వాలి, నీళ్లకు సమాంతరంగా, గట్టుకు రెండు బారల దూరంలో దూసుకొచ్చాడు. మైకు పొంగిపోయింది. వాయువేగ మనోవేగాలు పాతపడ్డాయని ప్రకటించింది. వేదిక ఎదుటికి రాగానే అతను కుడిచెయ్యి వదిలి నుదుటికి ఎత్తాడు. సరిగ్గా అక్కడ, పెద్దలకు కొట్టకూడని గాలి అతనికీ కొట్టలేదు. పొట్టలేని చాప తన రేకుతనాన్ని ప్రకటించుకుంది. బోర్డు నీళ్లమీదినుంచి నీళ్లలోకి దిగింది. అన్నకొడుకు బాబాయికి ఎదురుగా, సలాం చేసిన చెయ్యి సలాం చేసినట్టే ఉండగా, మోకాళ్లు, నడుము, భుజాల క్రమంలో మునిగాడు. చెయ్యి చివర మునిగింది.

గంగాధరరావుగారు లేచి చప్పట్లు కొట్టారు. “చూశారా, ప్రాణంమీదికి వచ్చినా చెయ్యి దించలేదు,” అన్నారు. సభ కూడా కొట్టింది. వినయానికి అయిదుకు అయిదు, రౌండుగా పడ్డాయి.

రెండోసారి జెండా ఊగింది.

గ్రేస్ చాపలోకి గాలి నిండింది. బోర్డు లేచింది. గట్టు వెంబడి తిన్నగానే వచ్చింది, వేదిక ఇంకా వందడుగుల దూరం ఉందనేవరకు. అక్కడినుంచి చెరువు మధ్యలోకి చూస్తే, రెండు వరుసల్లోనూ కలిపి అయిదు గడలు బోడిగా ఉన్నాయి. మిగిలిన అన్నిటికీ సంచులున్నాయి. తెల్లవారుజామున ఎవరో అటొకటి, ఇటొకటి ఏరి విప్పేశారు.

ఆమె వెనకపాదంతో బోర్డు అంచు నొక్కింది. బోర్డు గట్టును వదిలి, వేదికకు వీపుపెట్టి, గాలివాలుకు తిరిగింది.

“అమ్మాయ్, ఇటు, ఇటు,” అన్నది మైకు.

మొదటి గడ. చాప కొస నీళ్లను తాకేంతగా వాల్చి, పాదాలు మార్చి, చాపను తిప్పింది. దౌడలు టకటకమన్నాయి. పొట్ట అటుమారి నిండింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. లేచింది. రెండో గడ దగ్గర కెరటం అడ్డమొస్తే మోకాళ్లతో మింగింది. మూడోదానికి మరీ దగ్గరగా పోయి భుజం గీసుకుంది. వెదురుకణుపు మంట తెలిసింది. నాలుగోది. అప్పటికి మైకు మాటలు మాని గురగుర చప్పుడు చేస్తోంది. అయిదోదాని దగ్గర గాలి ఒక్కసారి తగ్గింది. ఆమె రెండుచేతులూ ఛాతీకి లాక్కుని, చాపను ఒక్క ఊపు ఊపింది. ఉన్న కాస్త గాలినీ ఆ పొట్ట పోగుచేసుకుంది. బోర్డు కదిలింది, పరుగెత్తింది, తూర్పుగట్టు మట్టిలో ముక్కు గుచ్చుకుని ఆగింది.

ఆనంద్ పాల్ అక్కడ పడవలో నిలబడి ఉన్నాడు. కాళ్ల దగ్గర అయిదు ఖాళీ సంచులున్నాయి.

“రక్తం కారుతోంది,” అన్నాడు.

“కారనీ నాన్నా. ఎంతసేపు పట్టిందో చూడనీ.”

వాచీలో నిమిషం ముప్ఫయ్‌రెండు సెకన్లు. ఆ సాయంత్రమే చెరువు గుమస్తా వచ్చి, సోమవారంనుంచి మేతకు వేరేవాళ్లు వస్తారని ఆనంద్ పాల్‌కు చెప్పి వెళ్లాడు. ఆయన పడవకర్ర భుజానవేసుకుని కొల్లేటికోట వైపు నడిచాడు. “మేత మోసేవాడికి కొల్లేట్లో చెరువు దొరక్కపోదు,” అన్నాడు కూతురితో. సోమవారానికి దొరికింది కూడా.

ఆ సోమవారమే గ్రేస్‌ను మేడగదికి పిలిచారు. గంగాధరరావుగారు ఆమెవైపు చూడకుండా, నిత్యానందంగారి వైపు చూస్తూ మాట్లాడారు.

“ఈ అమ్మాయిని రెండేళ్లు ఏ పోటీకీ రానివ్వకూడదని రాష్ట్రసంఘానికి రాయండి. ఇంగ్లీషులోనే రాయండి. ఘాటుగా ఉంటుంది.”

నిత్యానందంగారు ఫోనును పక్కకు నెట్టి, కాగితం, కలం తీసుకున్నారు. ఆయన ఇంగ్లీషు పాతబడి ఉన్నా చేతిరాతలో తప్పుపోదు. రాసినదాన్ని తెలుగులో చదివి వినిపించారు. “ఒకటి, వేదికకు వందడుగుల దూరాన దారి మళ్లినది. రెండు, అధ్యక్షులవారికి సలాం చేయక వీపు చూపినది. మూడు, మేతగడల చుట్టూ అక్రమంగా నాలుగుసార్లు తిరిగినది.”

“ఒప్పుకుంటున్నావా?” అన్నారు గంగాధరరావుగారు.

“ఒప్పుకుంటానండి. కాని నాలుగు కాదండి. అయిదు.”

ఆయన మొదటిసారి ఆమెవైపు చూశారు. “అయిదా?”

“అయిదండి. అటొకటి, ఇటొకటి. గడకూ గడకూ మధ్య నూట యాభై మీటర్లుంటుంది. అదికూడా రాయించండి. మొత్తం నిమిషం ముప్ఫయ్‌రెండు సెకన్లు తిరిగాను.”

“చూశారా పొగరు. రాయండి, అన్నీ రాయండి. సెకన్లతోసహా రాయండి.”

నిత్యానందంగారు రాస్తూ రాస్తూ కలం ఆపారు. ఆయన కళ్లు కాగితంమీదినుంచి గ్రేస్ మీదికి వెళ్లాయి. అక్కడ కాసేపు ఉండి, మళ్లీ కాగితంమీదికి వచ్చాయి. ఇరవై రెండేళ్ల కార్యదర్శిత్వంలో ఆయన ఎన్నడూ తనంతట తాను ఒక ప్రశ్న వేసి ఎరగరు.

“ఆరోపణకు సాక్ష్యం ఏదైనా జతపరచాలి కదండీ?” అన్నారు అధ్యక్షులవారితో.

“ఏముంది సాక్ష్యం?”

“అమ్మాయి వాచీలో దారిపటం ఉంటుందండి. ఎక్కడెక్కడ తిరిగిందో గీతలు గీసి చూపిస్తుందట.”

“దొరికిపోయింది,” అన్నారు గంగాధరరావుగారు తృప్తిగా. “జతచెయ్యండి. మనవాడిదీ పెట్టండి, పోల్చుకుంటారు. తిన్నగా వెళ్లినవాడెవడో, వెళ్లనిదెవరో వాళ్లే చూస్తారు.”

గ్రేస్ చేతివాచీ విప్పి బల్లమీద పెట్టింది. ఆరోపణపత్రం అడుగున ‘పైవన్నియు నిజము’ అని రాసి, సంతకం చేసింది. నిత్యానందంగారు సొరుగులాగి, ముద్ర తీసి, సిరాదిండుమీద రెండుసార్లు ఒత్తి, కాగితంమీద మునుపెన్నడూ వేయనంత గట్టిగా వేశారు.

జవాబు గురువారం సాయంత్రానికి వచ్చింది. గ్రేస్ బడినుంచి చేరేసరికి మేడగదిలో గంగాధరరావుగారు, గోపీనాథ్, ఇంకా విప్పని ఒక పూలదండ ఉన్నాయి. నిత్యానందంగారు లేచి నిలబడి, రాష్ట్రసంఘం వారి ఇంగ్లీషును ఎవరి సాయమూ లేకుండా నేరుగా తెలుగులో చదివారు.

“మీ ఫిర్యాదు, జతపరచిన రెండు దారిపటములు అందినవి. మొదటి రెండు నేరములతో మాకు పనిలేదు. మూడవ నేరమునే స్లాలమ్ అందురు. అయిదు గుర్తులను ఇంత స్పష్టముగా, కాలముతోసహా ధ్రువపరచి పంపిన సంఘము ఈ ఏడు మీదొక్కటే. కుమారి గ్రేస్ ఎంపికైనది. శ్రీ గోపీనాథ్ పటములో ఒక గీత, దాని చివర ఒక చుక్క మాత్రమే ఉన్నందున పరిశీలించలేకపోతిమి.”

గోపీనాథ్ ముందుగా నవ్వాడు. అది మంచి నవ్వు. “ఆ చుక్క నేనేనండి,” అన్నాడు గ్రేస్‌తో.

గంగాధరరావుగారు దండను బల్ల కొసకు జరిపారు. వెనకడుగు వేయకుండానే వెనక్కి రావడం పెద్దలకు మాత్రమే తెలిసిన విద్య.

“నేను పంపబట్టే కదా వెళ్తున్నావు,” అన్నారు చివరికి. “శుభం. కాని ఫిర్యాదుమీద మన పిల్ల వెళ్లిందంటే సంఘానికి ఏం గౌరవం? నిత్యానందంగారూ, ఆ ఉత్తరం వాపసు తీసుకుంటున్నామని రాయండి. దాని స్థానంలో, నేను స్వయంగా తర్ఫీదిచ్చి, ఆశీర్వదించి సిఫార్సు చేస్తున్నట్టు మంచి ఉత్తరం ఒకటి రాయండి. అమ్మాయీ, నువ్వు కూడా కింద ఒక సంతకం పెట్టు. మీ నాన్నని రేపటినుంచి మన చెరువుకే రమ్మని చెప్పు.”

నిత్యానందంగారు తెల్లకాగితం తీశారు. కలం మూత మాత్రం తియ్యలేదు.

“వద్దండి,” అంది గ్రేస్. “మా నాన్నకు వేరే చెరువు దొరికిందండి.”

“సరే, ఆయన ఇష్టం. సంతకం?”

“ఆల్రెడీ పెట్టానండి. పైవన్నియు నిజము అని కూడా రాశాను. దాన్నిప్పుడు అబద్ధం చెయ్యలేనండి.”

“సిఫార్సు చేస్తానంటే వద్దంటావేమమ్మా? ఎవరైనా కావాలని తిరుగుతారు దానికోసం.”

“నేను తిరిగింది దానికోసం కాదండి.” ఆమె బల్లమీది వాచీ తీసుకుని మణికట్టుకు పెట్టుకుంది. “నేను ఫిర్యాదుమీదే వెళ్తానండి.”

ఆమె మెట్లు దిగుతుంటే వెనకనుంచి నిత్యానందంగారు పిలిచారు. ఆయన పైమెట్టుమీద నిలబడి, మడతపెట్టిన కాగితం ఒకటి అందించారు. ఫిర్యాదు నకలు. కింద సంఘం ముద్ర ఉంది.

“దగ్గరుంచుకో అమ్మా. అక్కడ ఎవరైనా నువ్వెవరివని అడిగితే చూపించు.”